అమీర్‌కి రెండో చాన్స్ ఇవ్వడం కరెక్టేనా? మా టీమ్‌లో కూడా సేమ్ గొడవ

తెనాలి లెఫ్టార్మ్:

అందరికీ హాయ్, పోస్టు కొంచెం పెద్దదే, ఓపికుంటేనే చదవండి. మాది టెన్నిస్ బాల్ టీమ్, సంక్రాంతికీ వేసవి సెలవులకీ చుట్టుపక్కల ఊళ్ళల్లో టోర్నమెంట్లు ఆడుతుంటాం. మావాడొకడు లెఫ్టార్మ్ పేసర్, పేరెందుకులెండి, పందొమ్మిదేళ్ళప్పుడు సావాసాలు బాలేక బైకుల దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. ఇరుక్కోవడం ఏంటిలే, చేశాడు, ఒప్పుకున్నాడు, శిక్ష పడింది, లోపలుండి వచ్చాడు. ఇప్పుడు మెకానిక్ షెడ్‌లో పని.

మొన్నొక ఆదివారం గ్రౌండుకొచ్చి బౌండరీ అవతల బండి మీద కూర్చున్నాడు. బాల్ అటు పోతే తీసి విసురుతున్నాడు, అంతే, ఆడతానని నోరు తెరిచి అడగలా. వాడు అడగలేదనే నాకు ఏదోలా అయ్యి నేనే మావాళ్ళ దగ్గర కదిపా. సగం మంది వాడొస్తే మేం రాం అన్నారు. వాళ్ళలో ఒకడి బైకు అప్పట్లో పోయింది, తీసింది వీడే అని ఎవరూ తేల్చలేదు కానీ డౌట్ అయితే ఉంది.

అక్కడ నేను ఫిక్సింగ్ చేసి జైలుకెళ్ళొచ్చిన పాకిస్తాన్ పేసర్ మహమ్మద్ అమీర్ పేరెత్తి తప్పు చేశా, పాకిస్తానోడితో పోలికేంట్రా అని మొదలై అసలు విషయం ఎటో కొట్టుకుపోయింది. నాకు వాడి గురించి గుర్తున్నది మనం పాకిస్తాన్ చేతిలో ఓడిన 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ ఒక్కటే, ఆరోజు మా నాన్న మధ్యలోనే టీవీ కట్టేసి అన్నం తినకుండా పడుకున్నాడు. జైలుకెళ్ళొచ్చినోడిని మళ్ళీ దేశం తరఫున ఎలా ఆడనిచ్చారు, టీమ్‌లో మిగతావాళ్ళు ఎలా ఒప్పుకున్నారు, తెలిసినోళ్ళు చెప్పండి.

స్కోర్‌కార్డు పిచ్చోడు:

బ్రో మిగతావాళ్ళు ఒప్పుకోలేదు, మొదటగా తెలియాల్సింది అదే. 2015 డిసెంబర్‌లో ట్రైనింగ్ క్యాంపుకి అమీర్‌ని పిలిస్తే మహమ్మద్ హఫీజ్, అజర్ అలీ ఇద్దరూ మేం రామని మొండికేశారు. అజర్ అలీ అప్పుడు వన్డే కెప్టెన్ కూడా. బోర్డు వాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడాక క్యాంపులో చేరారు. అంటే మీ టీమ్‌లో ఇప్పుడు నడుస్తున్న సీన్ అక్కడా నడిచింది.

మొదట్నుంచీ చెప్తా. 2010 ఆగస్టు, లార్డ్స్ టెస్టు. అమీర్‌కి 18 ఏళ్ళు. మజీద్ అనే ఏజెంటు ఒక ఇంగ్లీషు పేపర్ వాళ్ళ దగ్గర లక్షా యాభై వేల పౌండ్లు తీసుకుని ఫలానా టైములో నోబాల్స్ పడతాయని ముందే చెప్పాడు, అవతలున్నది మారువేషంలో ఉన్న రిపోర్టరని వాడికి తెలీదు. చెప్పినట్టే అమీర్ రెండు, ఇంకో పేసర్ ఆసిఫ్ ఒకటి వేశారు. ఆ రీప్లేలు ఇప్పటికీ దొరుకుతాయి చూడండి, నోబాల్ అంటే మడమ గీతకి అటో ఇటో అనుకుంటాం కదా, అమీర్ కాలు ఎక్కడో ముందుకెళ్ళి పడింది, పక్కనోడి పొలంలో అడుగేసినట్టు. విచిత్రం ఏంటంటే అదే ఇన్నింగ్స్‌లో వాడు 84 రన్స్‌కి 6 వికెట్లు తీశాడు. అంత బౌలింగ్ చేతిలో పెట్టుకుని ఆ పని చేయడం ఏంటో.

2011 ఫిబ్రవరిలో ఐసీసీ వాళ్ళు బ్యాన్ చేశారు, వీడికి 5 ఏళ్ళు. అదే ఏడాది నవంబర్‌లో లండన్ సదర్క్ క్రౌన్ కోర్టు జైలు వేసింది, కెప్టెన్ సల్మాన్ బట్‌కి 30 నెలలు, ఆసిఫ్‌కి 12, అమీర్‌కి 6. ముగ్గురు ఆటగాళ్ళలో తప్పు ఒప్పుకున్నది వీడొక్కడే, మిగతా ఇద్దరూ చివరిదాకా వాదించారు. కుర్రాళ్ళుండే జైల్లో పెట్టారు, సగం శిక్ష అయ్యాక 2012 ఫిబ్రవరిలో వదిలారు. బ్యాన్ మాత్రం అలాగే ఉంది. 2015 సెప్టెంబర్‌కి అది అయిపోయాక 2016 జనవరిలో న్యూజిలాండ్ టూర్‌కి తీసుకున్నారు. అక్కడ వెల్లింగ్టన్‌లో వీడు బౌలింగ్ చేస్తుంటే స్టేడియం మైకులో క్యాష్ కౌంటర్ గల్లా తెరుచుకునే సౌండ్ వేశాడు అనౌన్సర్. న్యూజిలాండ్ బోర్డు సారీ చెప్పింది అనుకోండి.

2016 జూలైలో మళ్ళీ అదే లార్డ్స్, జనం నోబాల్ నోబాల్ అని అరుస్తున్నారు. ఆ టెస్టు పాకిస్తాన్ 75 రన్స్‌తో గెలిచింది, ఇంగ్లాండ్ ఆటగాడు జేక్ బాల్‌ని బౌల్డ్ చేసి ముగించింది అమీరే.

ఇక మీ నాన్నగారు టీవీ కట్టేసిన రోజు. మూడో బాల్‌కే రోహిత్ ఎల్బీ. తర్వాత కోహ్లీ స్లిప్‌లో క్యాచ్ ఇస్తే వదిలేసింది ఎవరనుకున్నారు, అజర్ అలీ. క్యాంపుకి రానన్నాయన. ఆ సెకన్లో ఆయనకి ఏమనిపించిందో గానీ నేనైతే దేవుడున్నాడు అనుకున్నా. తర్వాతి బాలే కోహ్లీ పాయింట్‌లో షాదాబ్ చేతికిచ్చాడు. దేవుడూ లేడు ఏమీ లేడు. ఆ తర్వాత ధావన్. 6 ఓవర్లు, 16 రన్స్, 3 వికెట్లు.

గుంటూరు మిర్చి:

ఆ ఫైనల్లో అసలు మనల్ని ముంచింది ఇంకో నోబాల్ బ్రదర్, బుమ్రాది. ఫఖర్ జమాన్ 3 దగ్గర ధోనీకి క్యాచ్ ఇచ్చి వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచారు, వాడు 114 కొట్టాడు. జైపూర్ ట్రాఫిక్ పోలీసులు ఆ ఫోటోతో గీత దాటకండి అని హోర్డింగ్ కూడా పెట్టారు, పాపం బుమ్రా ఫీలయ్యాడు. పొరపాటున అంగుళం దాటినోడు హోర్డింగ్ ఎక్కాడు, డబ్బుల కోసం గీత దాటినోడు కప్పు ఎత్తుకుపోయాడు, ఏం న్యాయమో.

నా మాట సూటిగా చెప్తా, అమీర్‌ని ఆడనివ్వకూడదు. వయసు 18 అని అందరూ జాలి పడతారు, ఆ వయసులో మన ఊళ్ళో పిల్లలు పొద్దున్నే పాలు పోసి కాలేజీకి పోతున్నారు, వాళ్ళకి తెలీదా తప్పేదో ఒప్పేదో. ఇంకోటి, మీవాడు చేసింది దొంగతనం, ఆటలో మోసం కాదు. ఆ రెండూ ఒకటి కాదు. దొంగతనం చేసినోడు యార్కర్ వేస్తే అది నిజం యార్కరే, కానీ ఫిక్సింగ్ చేసినోడు వైడ్ వేస్తే ప్రతిసారీ నా బుర్రలో పురుగు తొలుస్తుంది. టీవీ ముందు కూర్చుని మూడు గంటలు చూసే నాకు ఆ డౌట్ అంటించిపోయాడు, దానికి ఏ కోర్టు శిక్ష వేసింది?

మన శ్రీశాంత్‌ని చూడండి, 2013లో ఐపీఎల్ ఫిక్సింగ్ కేసులో అరెస్టు చేశారు, 2015లో ఢిల్లీ కోర్టు కేసు నిలవదని వదిలేసింది, అయినా బోర్డు జీవితకాలం బ్యాన్ ఎత్తలేదు, సుప్రీంకోర్టు దాకా పోతే చివరికి ఏడేళ్ళకి తగ్గించారు. 2021 జనవరిలో కేరళ తరఫున మళ్ళీ బౌలింగ్ వేసేసరికి 37 దాటాయి. కోర్టు వదిలేసినోడికి ఏడేళ్ళు, కోర్టు జైల్లో వేసినోడికి ఐదేళ్ళు, ఇదేం లెక్క.

కరీంనగర్ పోరడు:

మిర్చన్నా నువ్వు చెప్పిన లెక్కల్నే అసలు ముచ్చట ఉన్నది. రెండో చాన్స్ అంటే ఇస్తున్నమని కాయితం మీద రాసుడు కాదు, ఆడే వయసుల ఇయ్యాలె. మన హైదరాబాద్ అజ్జు భాయ్, గదే అజారుద్దీన్ సంగతి జూడు, 2000ల ఫిక్సింగ్ గొడవల బ్యాన్, 2012ల హైకోర్టు ఆ బ్యాన్ చెల్లదన్నది, గప్పటికి ఆయనకు 49. 99 టెస్టుల కాడ్నే ఆగిపాయె. ఆయన మీద క్రిమినల్ కేసుల శిక్ష లేదు, ఆ సంగతి వేరు, కానీ కోర్టుల గెల్చినా గ్రౌండుకు మాత్రం రాలేకపాయె. మా బాపు ఇప్పటికీ ఆ వందో టెస్టు గురించి బాధపడ్తడు.

అమీర్‌కు బ్యాన్ అయిపోయేటాల్లకు 23 ఏండ్లే. ఆసిఫ్‌కు 32. ముగ్గురికి ఒక్కటే రోజు బ్యాన్ ఖతమైంది, పాకిస్తాన్ టీంల మళ్ల ఆడింది ఒక్కడే. ఒప్పుకున్నందుకా, చిన్నోడని జాలితోనా, లేకపోతే గంటకు 145 వేస్తడనా? నాకైతే మూడోదే అనిపిస్తది. స్పిన్ వేసుకుంట 35 యావరేజ్ ఉన్నోడైతే ఏ బోర్డు పిల్వకపోతుండె. మాఫీ కూడా టాలెంట్ ఉన్నోనికే, గదీ నా బాధ. అన్నా నువ్వు గూడ మనసుల అడుగుకో, మీవోడు మంచి బౌలర్ కాకపోతే నీ టీమోళ్లతోని గిట్ల కొట్లాడుతుంటివా?

డల్లాస్ బావ:

కరీంనగర్ తమ్ముడి ప్రశ్న గట్టిగా తగిలింది. నేనొక సీన్ చెప్తా. 2024 జూన్ 6, ఇక్కడ గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం, టీ20 వరల్డ్ కప్‌లో అమెరికా పాకిస్తాన్ మ్యాచ్. ఆఫీసులో డాక్టర్ అపాయింట్‌మెంట్ అని చెప్పి పోయా, మా టీమ్‌లో నలుగురు తెలుగోళ్ళకి అదేరోజు అపాయింట్‌మెంట్లు ఉన్నాయి, అదో కామెడీ. రెండు టీమ్‌లూ 159, సూపర్ ఓవర్ అమీర్ చేతికిచ్చారు. వాడు 2019లో 27 ఏళ్ళకే టెస్టులు వదిలేశాడు, ఇంత ఖర్చు పెట్టి వెనక్కి తెచ్చుకుంటే ఇదా అని వాళ్ళ దేశంలోనే తిట్టారు, 2020లో మొత్తం మానేశాడు, మళ్ళీ ఈ వరల్డ్ కప్ కోసం వచ్చాడు. అంటే వాడికిది రెండోది కాదు మూడో చాన్స్.

మొదటి బాల్ ఫోరు. తర్వాత వైడ్, ఇంకో వైడ్, కీపర్ చేతిలోంచి పోతే వాళ్ళు పరిగెత్తడం, ఎక్స్‌ట్రాలే 7. మొత్తం 18 ఇచ్చాడు. అప్పుడు మా వెనక వరసలో ఒకతను ఎంతకి అమ్ముడుపోయావురా అని హిందీలో అరిచాడు. జనం నవ్వారు, నేనూ నవ్వా. ఇంటికొచ్చాక నిద్ర పట్టలా. ఆరోజు వాడు ప్రెజర్‌కి చేతులెత్తేశాడు, చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అమెరికా తరఫున ఆడే మన సౌరభ్ నేత్రావల్కర్ అటు చక్కగా వేసి గెలిపించాడు. కానీ 14 ఏళ్ళ తర్వాత కూడా వాడు వైడ్ వేస్తే అది వైడ్ కాదు. మిర్చి గారు అన్న పురుగు నిజమే, కాకపోతే అది మనల్నే కాదు వాడినీ తింటోంది. ఇంతకంటే శిక్ష ఏం కావాలండీ.

2016లో ఈడెన్‌లో కోహ్లీ వాడికి తన బ్యాటొకటి ఇచ్చాడు, గుర్తుందా?

పీఈటీ మాస్టారు:

బాబూ నేను ముప్ఫై ఏళ్ళు స్కూలు గ్రౌండ్లలో ఉన్నవాణ్ణి, అమీర్ సంగతి మీకే ఎక్కువ తెలుసు, తెనాలి అబ్బాయి సంగతి మాట్లాడతా. రెండు పనులు చెయ్యి. ఒకటి, ఎంట్రీ ఫీజు డబ్బులు, ఫోన్లు, బండి తాళాలు పెట్టే బ్యాగు ఇప్పుడెవరి దగ్గరుందో వాళ్ళ దగ్గరే ఉంచు. నమ్మకం చూపిద్దామని సినిమా హీరోలా తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టకు, రేపు వంద కాగితం తక్కువైతే వాడే చచ్చిపోతాడు. వాడిని కాపాడటానికే చెప్తున్నా. రెండోది, బైకు పోయినవాణ్ణి వీడితో ఒక్కసారి మాట్లాడనివ్వు, మధ్యలో నువ్వు ఉండకు. ఆ బోర్డు వాళ్ళు చేసింది కూడా అదేగా, ముందు కూర్చోబెట్టారు, తర్వాతే బాలిచ్చారు. మీరేమో ఓట్లేసుకుని కూర్చున్నారు.

తెనాలి లెఫ్టార్మ్:

అందరికీ థ్యాంక్స్. కరీంనగర్ అన్నా, నిజం చెప్పాలంటే వాడు బౌలర్ కాకపోతే నేను అడిగేవాణ్ణి కాదేమో, సిగ్గుగానే ఉంది.

మాస్టారూ మీరు చెప్పినట్టే చేశా. ఇద్దరూ చింతచెట్టు కింద పావుగంట నిలబడ్డారు, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలా. తిరిగొచ్చి మా బైకువాడు ప్యాడ్స్ కూడా లేకుండా స్ట్రైక్‌కి నిలబడ్డాడు. టోర్నమెంట్‌కి తీసుకోవడం ఇంకా తేలలేదు, ఇద్దరు ఇప్పటికీ ఒద్దంటున్నారు, వాళ్ళనేం అనలేను.

మావాడు మూడేళ్ళ తర్వాత రనప్ తీసుకుని మొదటి బాలే జానెడు ముందుకొచ్చి వేశాడు. అంపైరింగ్ నేనే. చెయ్యి చాపి నోబాల్ అన్నా. అన్నాక గుర్తొచ్చింది నాకు, వారం నుంచి ఈ పోస్టు గొడవంతా మా వాట్సాప్ గ్రూపులో నడుస్తోందని. ఎవడూ నవ్వలా కాసేపు. బైకువాడే బ్యాట్ ఊపి "ఫ్రీ హిట్ రోయ్" అన్నాడు, మళ్ళీ వేస్తే లాగి కొట్టాడు, బాల్ కాలవలో పడింది, ఇద్దరూ కలిసే దిగి వెతికారు.

బాల్ దొరకలా. ముప్ఫై రూపాయలు.