చర్చ: అమ్మ మొక్కుకుంది, బిడ్డ వేరే చదువు కోరుతున్నాడు. ఎవరి మాట నిలవాలి?

మేనమామ_పల్నాడు:
అందరికీ వందనాలు. మా అక్కకు పెళ్లయ్యాక చాలాకాలం పిల్లల్లేరు. ఉపవాస ప్రార్థనలో మొక్కుకుంది, "కొడుకునిస్తే నీ సేవకే ఇస్తాను ప్రభువా" అని. వాడు పుట్టాడు. సంఘంలో అందరూ చిన్నప్పటి నుంచీ "చిన్న పాస్టరు గారూ" అనే పిలుస్తారు. ఇప్పుడు ఇంటర్ బైపీసీ అయింది, ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతానంటున్నాడు. అక్కేమో బైబిల్ కాలేజీ దరఖాస్తు తెచ్చిపెట్టింది.

2021లో మావైపు మిరప తోటలమీద నల్ల తామరపురుగు పడింది. అప్పుడు వీడు హైస్కూల్లో ఉన్నాడు. పొద్దున్నే తాతతో చేలోకి వెళ్లి, పూతను తెల్లకాగితం మీద దులిపి, కదిలే నల్లచుక్కల్ని లెక్కపెట్టేవాడు. ఏ మందు కొడితే ఎన్ని తగ్గాయో నోటుబుక్కులో రాసేవాడు. కౌలు డబ్బులు కూడా రాక తాత తోట పీకించేశాక కూడా ఆ పుస్తకం పారెయ్యలేదు. గుంటూరు దగ్గర లాం ఫారంలో, అదే వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో, శాస్త్రవేత్త కావాలన్నది వాడి కల. దీన్ని లోకాశ అంటే నా మనసు ఒప్పుకోవట్లేదు. మొక్కు అక్కది, బతుకు వాడిది. మీరేమంటారు?

సేవకుడు_నంద్యాల:
వందనాలు బ్రదర్. మీ బాధ అర్థమైంది, కానీ మొక్కుబడి చిన్న విషయం కాదు. "నీవు మ్రొక్కుకొని చెల్లింపకుండుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలు" అని ప్రసంగి 5వ అధ్యాయంలో ఉంది. సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా కూడా మీ అక్కగారిలాగే బిడ్డకోసం ఏడ్చి అడిగింది, పాలు మాన్పించగానే కొడుకు సమూయేలును షిలోహు మందిరానికి తీసుకెళ్లి అప్పగించింది. అడిగినప్పుడు ఒక మాట, చేతికొచ్చాక ఇంకో మాటా?

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈమధ్య మన ప్రసంగాల్లో "నీ కల, నీ గమ్యం" ఎక్కువైపోయింది. మంచి భవిష్యత్తు ఇస్తానన్న యిర్మీయా 29:11 ప్రతి పిల్లాడి హాల్‌టికెట్ మీదా రాసిస్తున్నాం. దాని ముందు వచనంలోనే చెరలో డెబ్బై ఏళ్లు ఉండాలని రాసుంది, అది ఎవరూ చదవరు. సిలువ ఎత్తుకోమన్న ప్రభువు కలల సంగతి ఎక్కడా ఎత్తలేదు.

సండేస్కూల్_టీచర్_గుంటూరు:
అయ్యగారూ, యిర్మీయా గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. హన్నా దగ్గర మాత్రం మీరు మొదటి అధ్యాయంలోనే ఆగిపోయారు.

మూడో అధ్యాయం తీయండి. సమూయేలు మందిరంలోనే పెరిగాడు, అక్కడే పడుకుంటున్నాడు. అయినా "సమూయేలు అప్పటికి యెహోవాను ఎరుగకుండెను" అనే అర్థంలో రాసుంది. తల్లి ఇచ్చిన కొన్నేళ్ల తర్వాత దేవుడే పేరుపెట్టి పిలిచాడు. ఆ పిల్లాడు యాజకుడు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు పరుగెత్తాడు. తల్లి మొక్కే పిలుపైతే ఆ రాత్రి అవసరమే లేదు కదా? తల్లి బిడ్డను గుడిదాకా తీసుకెళ్లగలదు, పిలుపు మాత్రం ఆమె చేతిలో లేదు.

ఎనిమిదో అధ్యాయం ఇంకా భయంగా ఉంటుంది. అదే సమూయేలు తన కొడుకులు యోవేలు, అబీయాలను న్యాయాధిపతులుగా పెట్టాడు. వాళ్లు లంచాలు తిన్నారు. అంత గొప్ప ప్రవక్త కూర్చోబెట్టినా కుదరలేదు.

నేను లూథరన్ సంఘంలో పెరిగాను, మా ఊరికి లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో వచ్చిన దగ్గర్నుంచీ మా ఇళ్లలో వినే మాటలు ఇవి. మా సంఘం పేరు ఎవరిదో ఆ మార్టిన్ లూథర్‌ను తండ్రి లాయరును చేద్దామనుకున్నాడు. 1505లో పిడుగు పడ్డ భయంతో లూథర్ మొక్కుకుని మఠంలో చేరిపోయాడు. తర్వాత 1521లో మఠం మొక్కుబడులకు ఎదురు తిరిగి పుస్తకం రాసినప్పుడు, ముందుమాటగా తండ్రికే ఉత్తరం రాశాడు. అంతకు ముందు ఏడాదే చెప్పాడు, చెప్పులు కుట్టేవాడూ కమ్మరీ రైతూ ఎవరి పనిలో వాళ్లుంటూనే యాజకులని. మిరప పురుగుల్ని లెక్కపెట్టే పిల్లాడికి ఇందులో చోటు లేదంటారా?

సేవకుడు_నంద్యాల:
అమ్మా, రైతు పని తక్కువని నేననలేదు. వేలూరు సీఎంసీ ఆసుపత్రినే తీసుకోండి. మన చిత్తూరు, కడప వాళ్లు జబ్బు చేస్తే మొదట పరుగెత్తేది అక్కడికే. అది పెట్టిన ఐడా స్కడర్ కల ఏమిటి? మిషనరీ ఇంట్లో పుట్టి కూడా ఇండియా వద్దు, అమెరికాలో బతుకుతాననుకుంది. ఆ కల వదిలింది కాబట్టే ఆసుపత్రి వచ్చింది.

సండేస్కూల్_టీచర్_గుంటూరు:
ఎలా వదిలిందో కూడా చెప్పండి. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి భార్యల కాన్పుకు రమ్మన్నారు. ఆమె డాక్టరు కాదు. నాన్న వస్తారంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. తర్వాత తనే వెళ్లి వైద్యం చదివింది, 1900లో తిరిగొచ్చింది, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచింది. గుమ్మంలోకి వచ్చిన అవసరమే ఆమెను కదిలించింది. మన అబ్బాయికి ఆ గుమ్మం తాత మిరపచేనేమో, మీరెందుకు కాదంటున్నారు?

ప్రతిష్ఠ_బిడ్డ:
నేను అలా ఇచ్చేసిన బిడ్డనే. అమ్మ మాట కోసం బైబిల్ ట్రైనింగ్‌కు వెళ్లాను, ఒక పల్లె సంఘంలో సేవ చేశాను. వాక్యం బాగానే చెప్పేవాణ్ణి. కానీ ఎవరింట్లోనైనా చావు జరిగి పిలిస్తే వెళ్లబుద్ధయ్యేది కాదు. ఆ ఇంటి అరుగుమీద కూర్చుని గడియారం చూసుకునేవాణ్ణి. పిలుపు లేనివాడు పాస్టరైతే నష్టపోయేది సంఘమే. బయటికొచ్చేశాను, ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్‌ని.

అయితే బ్రదర్, మీరు అబ్బాయి గురించే రాశారు. అక్కగారి లోపల ఏముందో అడిగారా? మా అమ్మది భక్తి కంటే భయమే ఎక్కువ. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా "మొక్కు తీర్చలేదు, అందుకే" అనేది. నేను సేవ వదిలాక నాన్నకు గుండెపోటు వస్తే నాతో నెలల తరబడి మాట్లాడలేదు. ఆమెకు దేవుడు బాకీ వసూలుకొచ్చే వడ్డీవ్యాపారి అయిపోయాడు. ఆ భయం పోనివ్వకుండా అబ్బాయిని బాపట్ల పంపినా వాడు అక్కడ ప్రశాంతంగా చదవలేడు.

మేనమామ_పల్నాడు:
నిజమే. "వాడికేమైనా అయితే నువ్వు బాధ్యతా?" అని నన్ను అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

సండేస్కూల్_టీచర్_గుంటూరు:
లేవీయకాండము 27 చూపించండి. మనిషిని మొక్కుకున్నవాళ్లకు ధర్మశాస్త్రమే దారి పెట్టింది. ఐదేళ్ల నుంచి ఇరవై ఏళ్లలోపు మగబిడ్డకు ఇరవై తులాల వెండి వెల. అంత ఇచ్చుకోలేని పేదవాళ్లకు, వాళ్ల స్థోమతనుబట్టి యాజకుడే వెల తగ్గించాలి. డబ్బు కట్టమని నేననను. మొక్కుకున్న తల్లి ఇరుకున పడితే ఎలా బయటపడాలో దేవుడే ముందు ఆలోచించాడని ఆమెకు తెలియాలి. మీ పాస్టరు గారూ పెద్దలూ ఇంటికొచ్చి ఆమెతో కలిసి ప్రార్థించి, ఆ మాట ఆమె నోటితోనే దేవుని దగ్గర పెట్టనివ్వండి.

సేవకుడు_నంద్యాల:
ఆ అధ్యాయం నేను కాదనలేను. నేనైతే ఆ ఇంటికి వెళ్తాను, ఆమెతో కూర్చుంటాను. కానీ అబ్బాయిని కూడా ఒక మాట అడగాలి. రేపు చదువు మధ్యలో పిలుపు నీకే వస్తే వదిలేసి వస్తావా అని. ఆ ప్రశ్నకు తప్పించుకునేవాణ్ణి అగ్రికల్చర్ కూడా కాపాడదు.

సండేస్కూల్_టీచర్_గుంటూరు:
అడగాల్సిందే అయ్యగారూ. వాళ్లమ్మ ముందు మాత్రం అడక్కండి.