మాట్లాడడానికి వెళ్లేవారు కూడా టికెట్ కొనాలా?

రాయదుర్గం టెస్టర్:
హైటెక్ సిటీలో జరగబోయే ఒక సదస్సులో మాట్లాడతామని మేం పంపిన ప్రతిపాదన ఎంపికైంది. నాకిది మొదటి ప్రసంగం, ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. మర్నాడు మెయిల్ వచ్చింది: ప్రసంగం ఉన్న రోజు మాత్రమే ప్రవేశం ఉచితం, రెండో రోజుకు టికెట్ కొనాలి. నాతో కలిసి మాట్లాడే సహోద్యోగినికి అసలు పాస్ లేదట. ప్రతిపాదనలు కోరిన ప్రకటనలో ఈ మాటే లేదు. మీకెప్పుడైనా ఇలా జరిగిందా?

కూకట్‌పల్లి పైథాన్:
అమెరికాలో జరిగే పైకాన్‌ (పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవారి సదస్సు)లో చాలా ఏళ్లపాటు వక్తలు, నిర్వాహకులు సహా అందరూ టికెట్ కొనే పద్ధతి ఉండేది. కొనలేనివారికి ఆర్థిక సాయం విడిగా ఇచ్చేవారు. బ్రస్సెల్స్‌లో జరిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సదస్సు ఫాస్‌డెమ్‌కు ఎవరికీ టికెట్ ఉండదు, పేరు నమోదు కూడా అక్కర్లేదు. 2023లో కొచ్చిలో జరిగిన డెబ్‌కాన్‌ (డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసేవారి సదస్సు)లోనూ ప్రవేశం ఉచితంగానే ఉండింది. ఏ పద్ధతైనా నాకు సమ్మతమే, ముందే రాసి ఉంటే చాలు. ఎంపికయ్యాక చెప్పడం మాత్రం అన్యాయం.

మియాపూర్ వాలంటీరు:
రెండేళ్లు ఒక చిన్న సదస్సు టికెట్ల పని చూశాను. ఒక ప్రసంగానికి ఒకే పాస్ అనే నియమం ఊరికే రాలేదు. పాస్ కోసమే నలుగురైదుగురి పేర్లు చేర్చి పంపేవారున్నారు. భోజనాలకు తలకు ఇంతని కట్టాలి కాబట్టి ప్రతి ఉచిత పాస్ మాకు ఖర్చే. అయినా వేదికెక్కే ఇద్దరిలో ఒకరిని బయట నిలబెట్టడం నాకు నచ్చదు. మేము ఇద్దరి వరకు రెండు రోజులకూ పాస్ ఇచ్చాం. ఎవరైనా రాలేకపోతే మాట్లాడేందుకు సిద్ధంగా ఉంచుకున్న వారికీ ఇచ్చాం. అవకాశం వచ్చినా రాకపోయినా వాళ్లూ స్లైడ్లు తయారు చేసుకునే వస్తారు కదా. దీని గురించి చాలా చోట్ల ఎవరూ ఆలోచించరు, నాకు బాధ కలిగించేది అదే.

కాజీపేట విద్యార్థి:
నాకు పాస్ ఇచ్చారు. రైలు, గది ఖర్చు మాత్రం నాదే. పాస్ ఉంటే వర్క్‌షాప్‌కూ వెళ్లవచ్చనుకున్నాను, దానికి వేరే టికెట్ ఉందని గుమ్మం దగ్గర తెలిసింది. అడగడానికి మొహమాటపడి వెనక్కి వచ్చేశాను. ఇప్పుడైతే అడిగేవాణ్ని.

కూకట్‌పల్లి పైథాన్:
టెస్టర్ గారూ, రెండో రోజు టికెట్ డబ్బు మీ కంపెనీ ఇస్తానంటే, కొనేటప్పుడే కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు నింపండి. తర్వాత బిల్లు మార్పించుకోవడం కష్టం.

రాయదుర్గం టెస్టర్:
నిర్వాహకులకు మర్యాదగానే రాశాను. ప్రకటనలో ఈ విషయం లేదని ఒప్పుకున్నారు. సహోద్యోగినికి పాస్ వచ్చింది, కానీ ప్రసంగం రోజుకే. రెండో రోజుకు ఇద్దరికీ సగం ధర కూపన్ ఇచ్చారు. వాలంటీరు గారూ, వర్క్‌షాప్‌కు ఈ కూపన్ పనికొస్తుందా, అది కూడా ఇప్పుడే అడగాలా?

మియాపూర్ వాలంటీరు:
ఇప్పుడే అడగండి. వర్క్‌షాప్ సీట్లు ముందుగా నిండిపోతాయి.