పెన్షన్‌పై వచ్చాక ఊరికి వెళ్లాలా, సికింద్రాబాద్‌లోనే ఉండిపోవాలా?

హవల్దార్_టెక్కలి:
జై హింద్. వచ్చే ఏడాది పెన్షన్‌పై వస్తున్నాను. పదిహేడేళ్ల సర్వీసు, వయసు 37. భార్యాపిల్లలు సికింద్రాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు, అమ్మానాన్న టెక్కలి దగ్గర మా ఊళ్లో. ఉద్యోగం ఏదో ఒకటి దొరుకుతుంది. బ్యాంకు క్లర్కు పోస్టుల్లో మనకు 14.5 శాతం రిజర్వేషన్ ఉంది, చదువుతున్నాను కూడా. నా టెన్షన్ వేరు. యూనిట్ వదిలాక మనవాళ్లు అనేవాళ్లు ఎవరుంటారు, పొద్దున లేచి దేనికోసం బయల్దేరాలి? మాజీ సైనికులు ఉన్నచోటే ఉండాలా, ఊరికి వెళ్లి ఊరి మనిషిని కావాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సుబేదార్_సైనిక్‌పురి:
తమ్ముడూ, మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఊరికి వెళ్లొద్దు. నీకు తెలిసింది సెలవుల్లో చూసిన ఊరు. నెల రోజులుండి వెళ్లేవాడికి కోడి కోసి పెడతారు, ఉండిపోయేవాడితో గట్టు తగాదా పెట్టుకుంటారు. పెన్షన్ డబ్బు చేతికొచ్చిందని తెలిస్తే అప్పుకు వస్తారు, లేదంటే ముఖం చాటేస్తారు. సాయంత్రమైతే మిలిటరీ క్యాంటీన్ మందు సీసా ఉందా అని అడిగేవాళ్లే చుట్టూ చేరతారు. అలా తాగుడులో పడిపోయిన మంచి జవాన్లు నాకు తెలుసు, వాళ్లలో నా సెక్షన్‌వాడు కూడా ఉన్నాడు.

ఇక్కడ సికింద్రాబాద్ పక్కన, మాజీ సైనికుల కాలనీ సైనిక్‌పురిలో, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో వరసలో కూర్చుంటే పక్కనున్నాయన ఏ రెజిమెంట్ అని అడుగుతాడు. రెండో మాటకే ఇద్దరికీ తెలిసిన సీవో (కమాండింగ్ ఆఫీసర్) పేరు వస్తుంది. సియాచిన్ గ్లేసియర్‌లో డ్యూటీ చేసొచ్చినవాడికి రాత్రుళ్లు ఎందుకు నిద్ర పట్టదో ఎవరికీ వివరించక్కర్లేదు. మొన్న మా వీధిలో ఒక నాయక్ చనిపోతే, విదేశంలో ఉన్న కొడుకు దిగేలోపు ఆస్పత్రి బిల్లు నుంచి శ్మశానం దాకా అన్నీ మావాళ్లే చూసుకున్నారు. ఊళ్లో ఆ మాత్రం చేయరా అంటావు. చేస్తారు, కానీ ఇన్నేళ్లలో నువ్వు ఎవరి పెళ్లికి వెళ్లావు, ఎవరి చావుకి వెళ్లావు?

క్లర్క్_కంభం:
సాబ్, మీ చివరి ప్రశ్న న్యాయమైనదే. అందుకని ఎప్పటికీ దూరంగా ఉండిపోమంటే ఒప్పుకోను.

నేను క్లర్కుగా చేసి మా ఊరికే వచ్చాను. ఒకరోజు ఒక ముసలమ్మ ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకొచ్చింది. భర్త పోయి ఏడాది దాటినా ఫ్యామిలీ పెన్షన్ మొదలవలేదు. చూస్తే డిశ్చార్జ్ బుక్‌లో ఆమె పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఎప్పుడో యూనిట్‌లో ఉత్తరాది క్లర్కు ఎవరో చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. పుట్టిన సంవత్సరం కూడా కలవలేదు. బ్యాంకుకు వెళ్లినప్పుడల్లా మా చేతుల్లో లేదన్నారు. నిజంగానే వాళ్ల చేతుల్లో లేదు. అఫిడవిట్ చేయించి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆ సైనికుడి విభాగం రికార్డ్ ఆఫీసుకు పంపాలి. ఆర్టిలరీ అయితే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం) అయితే సికింద్రాబాద్. ఈ ఒక్క ముక్క చెప్పే మనిషి ఆమెకు చుట్టుపక్కల దొరకలేదు. పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాక ఇలాంటివాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. నవంబర్ వస్తే లైఫ్ సర్టిఫికెట్ కోసం మా అరుగు నిండిపోతుంది.

సైనిక్‌పురిలో ఈ పని తెలిసినవాళ్లు వీధికి నలుగురుంటారు. ఎవరి పెళ్లికి వెళ్లావని అడిగారు కదా సాబ్, ఆ ముసలమ్మ మనవడి పెళ్లికి మొదటి శుభలేఖ మా ఇంటికే వచ్చింది.

ఫౌజీ_భార్య_నల్గొండ:
అన్నయ్యలూ, ఊరా పట్నమా అంటున్నారే గానీ ఇంట్లో చోటు సంగతి ఎవరూ రాయలేదు. స్కూలు ఫీజులు, గ్యాస్ బుకింగ్, మామయ్యగారి బీపీ మాత్రలు, అన్నీ ఇన్నేళ్లు నేనే చూసుకున్నాను. మావారు వచ్చిన వారానికే పిల్లల్ని తెల్లవారుజామున ఐదింటికి లేపి దుప్పట్లు కొలత పెట్టినట్టు మడత పెట్టించడం మొదలైంది. పెద్దవాడు ఆయనతో మాట్లాడటం మానేశాడు. చెడ్డ మనిషి కాదు, ఆజ్ఞ ఇవ్వడం తప్ప ఇంట్లో తన పనేమిటో ఆయనకు తెలియలేదు. చిన్నదానికి రోజూ లెక్కలు చెప్పడం పెట్టుకున్నాక ఆయన కుదురుకున్నారు. టెక్కలి అన్నయ్యా, ముందు వదినని అడిగారా?

లాన్స్‌నాయక్_తాడేపల్లిగూడెం:
క్లర్క్ సార్, కాగితాల పని అందరికీ రాదు. నేను ఇన్‌ఫాంట్రీ. మా పక్కనే మాధవరం ఉంది, ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ ఫౌజుకు మనుషుల్ని పంపిన ఊరు. అందుకే జనం మిలిటరీ మాధవరం అంటారు. సుబేదార్ సాబ్ చెప్పే సైనికుల తోడు అలాంటి ఊళ్లో కూడా దొరుకుతుంది, కాలనీయే అక్కర్లేదు.

నేను పొద్దున్నే హైస్కూల్ గ్రౌండ్‌లో కుర్రాళ్లను భర్తీకి తయారు చేస్తాను. 1600 మీటర్ల పరుగు, బీమ్, తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం. బీమ్ అంటే రెండు కర్రల మధ్య బిగించిన ఇనప పైపే. అరచేతులకు మట్టి రాసుకుని ఎక్కుతారు. ఏడో పుల్లప్‌కి మోచేతులు వణుకుతాయి, అక్కడి నుంచి పది దాకా లాగించాలి. అందుకోసమే నేను పొద్దున లేస్తున్నాను. ఫీజు తీసుకోను.

సుబేదార్_సైనిక్‌పురి:
ఆ పిల్లలకు ఏం చెబుతున్నావు? 2022లో అగ్నిపథ్ వచ్చాక భర్తీ అయితే నాలుగేళ్లే. నూటికి పాతికమందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్లకు 11.71 లక్షల దాకా సేవా నిధి ఇచ్చి పంపిస్తారు. పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు. నీకు పొద్దున లేవడానికి ఒక పని దొరికిందని వాళ్లను అటు తోయడం న్యాయమా?

లాన్స్‌నాయక్_తాడేపల్లిగూడెం:
ఆ లెక్క మొదటి రోజే చెబుతాను సాబ్. విని కూడా వస్తున్నారు. నేను మానేస్తే డబ్బు తీసుకునే అకాడమీకి పోతారు.

అసలు నా పట్టుదల వెనక్కి వచ్చేవాళ్ల కోసం. మొదటి బ్యాచ్‌కి 2026 చివర్లో, 2027 మొదట్లో నాలుగేళ్లు నిండుతాయి. పాతికేళ్లకు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లు. సైనిక్‌పురిలో ఇల్లు కొనే స్తోమత వాళ్లకు ఉండదు, ఊళ్లకే వస్తారు. ఎందుకు సెలెక్ట్ కాలేదని నలుగురూ అడిగే ఆ మొదటి ఆరు నెలలు వాళ్లతో కూర్చునే పాత ఫౌజీ ఊళ్లో ఒక్కడైనా ఉండాలి. సీఏపీఎఫ్ (సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాలు) రిజర్వేషన్‌కి పరీక్ష ఎలా రాయాలో చెప్పాలి. మనమంతా పట్నంలో ఉండిపోతే ఆ పని ఎవరు చేస్తారు సాబ్? మీలాంటి జేసీవోలు (సుబేదార్ స్థాయి అధికారులు) నెలకొకసారైనా జిల్లాలకు రండి, గ్రౌండ్ నేను చూపిస్తాను.

హవల్దార్_టెక్కలి:
నల్గొండ చెల్లెమ్మా, ఇవన్నీ మీ వదినకు చదివి వినిపించాను. పెద్దమ్మాయి పదో తరగతి అయ్యేదాకా కదలనంది. ఆ తర్వాత టెక్కలే.

క్లర్క్_కంభం:
మంచిది తమ్ముడూ. డిశ్చార్జ్ అయ్యేలోపే భార్యాపిల్లల పేర్లు, పుట్టిన తేదీలు పార్ట్ టూ ఆర్డర్‌లో (సర్వీసు, కుటుంబ వివరాలు నమోదు చేసే యూనిట్ ఉత్తర్వు) ఆధార్ ప్రకారం ఉన్నాయో లేదో చూసుకో. తేడా ఉంటే యూనిట్‌లోనే సరిచేయించుకో, బయటికొచ్చాక అది నెలల పని.