జబ్బున్న తమ్ముడి వాటా, తమ్ముడి సంతకం: నిర్ణయం ఎవరిది?

నాగావళి గట్టు:
మాది శ్రీకాకుళం పక్కన పల్లె. నాన్న పోయాక భూమి పంపకాల మాట వచ్చింది. అప్ప (అక్క), నేను, తమ్ముడు. తమ్ముడికి డిగ్రీ చదివేటప్పుడు స్కిజోఫ్రెనియా అని డాక్టర్లు చెప్పారు. బిళ్ళలు వేసుకుంటున్నాడు, ఎవరూ లేకుండానే మాటలు వినపడటం బాగా తగ్గింది, పశువుల పని చూసుకుంటాడు, పాలు కేంద్రంలో పోసి వస్తాడు. మా చిన్నాన్న, ఊరి పెద్దమనుషులు మాత్రం ఒకటే మాట మీద ఉన్నారు: "వాడికి మతి స్థిమితం లేదు, వాటా వదులుకున్నట్టు సంతకం పెట్టించి నీ పేరున రాయించుకో, వాడికి తిండి పెడితే చాలు." తమ్ముడు ఒప్పుకోవడం లేదు. నా వాటా నా పేరునే ఉండాలి, భూమి అమ్మను, కౌలుకిస్తాను అంటున్నాడు. నాకు వాడి భూమి వద్దు. కానీ రేపు ఎవడో మాయమాటలు చెప్పి రాయించుకుంటే? ఈ జబ్బున్నవాళ్ళు నిర్ణయాలు తీసుకోగలరా లేదా, తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి.

బొబ్బిలి మాస్టారు:
బాబూ, వినడానికి కష్టంగా ఉన్నా మీ చిన్నాన్న మాటే నాకు సబబుగా ఉంది. ఇది దెయ్యం కాదు, చిల్లంగి కాదు, మెదడు జబ్బు అని డాక్టర్లే చెబుతున్నారు, మంచిదే. మరి నిర్ణయం తీసుకునేది మెదడే కదా. అదే దెబ్బతిన్నప్పుడు వాడి చేతిలో భూమి పెట్టడం వాడికే ద్రోహం. పేరు మీద ఎకరం ఉందంటే చాలు, చుట్టూ చేరేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

విజయనగరం కోట:
మాస్టారూ, నేను సైకాలజీ చదివి ఇలాంటి పిల్లలతోనే పని చేస్తున్నాను, ఒక మాట ఒప్పుకుంటాను. నిర్ణయాల మీద ఈ జబ్బు ప్రభావం నిజమే. కానీ "మెదడు దెబ్బతింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఏది దెబ్బతింది, ఏది బాగుంది అన్నదే పోతుంది, ఇక్కడ మనకి కావలసింది అదే.

మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంది, ఏది ముఖ్యం, ఏది పట్టించుకోవాలి అని గుర్తు పెట్టే పనిలో దానిది పెద్ద పాత్ర. జబ్బు ముదిరినప్పుడు లోపలి భాగాల్లో అది అతిగా పని చేస్తుంది. అప్పుడు పక్కింటాయన దగ్గినా, బస్సు హారన్ కొట్టినా అది తన కోసమే అనిపిస్తుంది. ఆ అనిపించడానికి మనసు ఒక కారణం వెతుక్కుంటుంది, ఆ కారణమే చివరికి గట్టి నమ్మకమైపోతుంది. మరోవైపు నుదుటి వెనక ఉండే ముందు భాగం, అంటే నాలుగు విషయాలు ఒకేసారి గుర్తుంచుకుని, లాభనష్టాలు బేరీజు వేసి, వరసలో పెట్టే భాగం, మందకొడిగా నడుస్తుంది. మందులు మొదటి దాన్ని బాగా తగ్గిస్తాయి, రెండో దానికి పెద్దగా ఉపయోగపడవు. అందుకే మాటలు వినపడటం ఆగిపోయిన కుర్రాడు కూడా లెక్క దగ్గర తడబడుతుంటే "బిళ్ళలు వేస్తున్నాం కదా, ఇంకా ఇదేటి" అని ఇంట్లోవాళ్ళు విసుక్కుంటారు.

1988లో లండన్‌లో ఒక పరీక్ష పెట్టారు. రెండు జాడీలు, ఒకదానిలో వందకి 85 పూసలు ఒక రంగువి, 15 వేరే రంగువి, రెండో దానిలో దీనికి తిరగేసి. ఒక్కో పూస తీసి చూపిస్తూ, ఇవి ఏ జాడీలోవో తేలాక చెప్పమన్నారు. భ్రమలు ఉన్నవాళ్ళు మిగతావాళ్ళ కంటే తక్కువ పూసలు చూసే తేల్చేశారు. తర్వాత చాలా చోట్ల చేసినా అదే ధోరణి కనిపించింది, అయితే అందరిలోనూ కాదు. అంటే మీరు భయపడే తొందరపాటు కొందరిలో ఉంటుంది, కాదనను.

ఇంకొకటి బయట ఎవరికీ తెలియదు. లాభం వస్తే దాన్ని చూసి నేర్చుకోవడం వీళ్ళలో చాలామందికి తగ్గుతుంది, నష్టం చూసి తప్పుకోవడం మాత్రం చాలావరకు మామూలుగానే ఉన్నట్టు ప్రయోగాల్లో తేలింది. పెద్ద ఫలితం కోసం ఎక్కువ కష్టపడదాం అన్న ఊపు కూడా తగ్గుతుంది. ఊళ్ళో దీన్నే బద్ధకం అంటారు. పిల్లాడు మంచం మీంచి లేవడం లేదని కర్ర పుచ్చుకున్న తండ్రులను చూశాను. అది బద్ధకం కాదండీ, జబ్బులో భాగం.

ఇప్పుడు భూమి సంగతి. "అమ్మను, కౌలుకిస్తాను" అన్నది తొందరపాటు మాటలా ఉందా? నాకైతే జాగ్రత్తపరుడి మాటలా ఉంది.

చీపురుపల్లి అమ్మ:
చదువుకున్న మాటలు బాగానే ఉంటాయి బాబూ. మా గుంటడు బాగున్నన్నాళ్ళు బాగున్నాడు, ఇక నాకు జబ్బు లేదని బిళ్ళలు మానేశాడు. అది వాడి నిర్ణయమే, వదిలేయండి అన్నారు. ఆనక అన్నంలో ఏదో కలిపానని నా చేతి ముద్ద తినడం మానేశాడు, బండి ఎవరికో ఇచ్చేశాడు, రైలెక్కి ఎటో పోయాడు. ఎక్కడో స్టేషన్‌లో దొరికాడు, కాళ్ళకి చెప్పులు లేవు. వాడి హక్కు అని మాట్లాడేవాళ్ళు అర్ధరాత్రి మా గుమ్మం దగ్గర ఉండరు, నేనుంటాను. జబ్బు ఉందని తనకే తెలియనివాడిని ఏమని అడిగి నిర్ణయం తీసుకోమంటారు?

విజయనగరం కోట:
అమ్మా, మీ మాటని ఎవరూ కొట్టిపారేయలేరు. జబ్బు ఉందని గ్రహించలేకపోవడం కూడా ఈ జబ్బు లక్షణమే, అది మొండితనం కాదు. బిళ్ళల వల్ల ఒళ్ళు వస్తుంది, పగలంతా మత్తు, చేతులు వణుకు, అందుకని మానేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళది వేరే లెక్క, డాక్టరుతో మాట్లాడి మందు మార్పించాలి. మీ అబ్బాయిది మొదటి రకం. అలాంటప్పుడు పక్కనున్నవాళ్ళు అడ్డు పడాల్సిందే. నా వాదన ఒక్కటే, ఆ రోజు పోయిన శక్తి ఎల్లకాలం పోయినట్టు కాదు, మందు విషయంలో పోయింది భూమి విషయంలో కూడా పోయినట్టు కాదు. అమెరికాలో 1995లో వచ్చిన మాకార్థర్ అధ్యయనంలో, అప్పుడే ఆసుపత్రిలో చేరిన స్కిజోఫ్రెనియా రోగులను పరీక్షిస్తే, సుమారు సగం మంది వైద్యం గురించి సరిగానే ఆలోచించి చెప్పగలిగారు. మిగతా సగం తడబడ్డారు. కాబట్టి జబ్బు పేరు చూసి తేల్చడం కుదరదు, ఆ మనిషిని, ఆ రోజున, ఆ విషయం మీద అడిగి చూడాలి.

కోర్టు గుమస్తా:
లాయరు దగ్గర గుమస్తాని, కాగితాల సంగతి చెబుతాను. మీ పెద్దమనుషుల మాటలోనే చిక్కు ఉంది. మతి స్థిమితం లేదు కాబట్టి వాడి సంతకానికి విలువ లేదంటున్నారు, మళ్ళీ వదులుకున్నట్టు వాడి చేతే సంతకం పెట్టించమంటున్నారు. ఆ విలువ లేని సంతకమే కదా మీ దస్తావేజుకి ఆధారం! రేపు ఎవరు కోర్టుకి వెళ్ళినా మొదట అడిగేది ఇదే.

1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూడండి. రాసే సమయానికి విషయం అర్థం చేసుకుని, తనకి మంచో చెడో ఆలోచించగలిగితే అతను స్థిమితం ఉన్నవాడే. మామూలుగా స్థిమితం లేనివాడు కూడా అది ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చని అందులోనే ఉంది. మీరు హిందువులైతే 1956 వారసత్వ చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఏ జబ్బు కారణంగానూ వారసత్వం పోదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, జబ్బు ఉందన్నంత మాత్రాన కోర్టు తేల్చకుండా స్థిమితం లేనివాడు అనకూడదంటుంది. అన్నట్టు, అప్ప వాటా మాట ఎవరూ ఎత్తలేదు. 2005 సవరణ తర్వాత ఆమెకీ సమానమే, ఆ పంపకం కూడా సరిగ్గా చేయండి.

బొబ్బిలి మాస్టారు:
చట్టం కాదనను. కానీ మోసం జరిగాక కోర్టు చుట్టూ తిరిగేది వీళ్ళే. సెక్షన్లు పొలం గట్టున కాపలా కాయవు.

ఉద్దానం:
నాకే ఉంది ఈ జబ్బు. అందుకే రాస్తున్నాను. ఎక్కువ రాయలేను.
జబ్బు బాగా ఉన్న రోజుల్లో మా వీధిలో అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారని నమ్మాను, చంపేస్తారేమోనని తలుపులు వేసుకుని ఉన్నాను. అదే రోజుల్లో జీడిపిక్కల తూకం తప్పు రాశాడని వ్యాపారిని నిలదీశాను, నా లెక్కే నిజమైంది. రెండూ ఒకే బుర్రలో. ఇప్పుడు బాగానే ఉన్నాను, అయినా మా ఇంట్లో నన్ను ఏమీ అడగరు, ఏ కూర వండాలో కూడా అడగరు. అడగక అడగక నాకే చెప్పడం మర్చిపోయినట్టు అయింది.
మీ తమ్ముడికి అన్నీ ఒకేసారి చెప్పకండి. ముందు కౌలు సంగతి చెప్పండి, ఆగండి, తిరిగి తన మాటల్లో చెప్పమనండి. మర్నాడు మళ్ళీ అడగండి. రెండు రోజులూ ఒకే మాట చెబితే అది అతని నిర్ణయం. నలుగురు చుట్టూ కూర్చుని అడిగితే మాత్రం నేనైనా ఏదో ఒకటి ఊఁ అనేస్తాను, వదిలించుకోవడానికి.

విజయనగరం కోట:
ఈయన చెప్పింది అక్షరాలా నిజం. ముక్కలుగా చెప్పి, మళ్ళీ అడిగి, మళ్ళీ చెబితే అర్థం చేసుకునే శక్తి బాగా పెరుగుతుందని పరిశోధనల్లో కూడా ఉంది. పెద్దమనుషుల పంచాయితీలో పది మంది మధ్య కూర్చోబెట్టి తేల్చమనడమే అసలు అన్యాయం.

నాగావళి గట్టు:
ఉద్దానం అన్నా, మీరు రాసినందుకు నిజంగా దండం. రాత్రి తమ్ముడిని ఒక్కడినే కూర్చోబెట్టి అడిగాను. ఎవరైనా కొంటామని వస్తే ఏం చేస్తావు అంటే "అప్పకి ఫోన్ చేస్తాను, అప్ప లేకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టను" అన్నాడు. నా పేరు చెబుతాడనుకున్నాను, అప్ప పేరు చెప్పాడు. వాటా వాడి పేరునే రాయిస్తున్నాం. చిన్నాన్న ఇంకా ఒప్పుకోలేదు, గొడవ అయితే అవుతుంది.

కోర్టు గుమస్తా:
మంచి పని. ఇంకొకటి కూడా చేయండి. 2017 చట్టం ప్రకారం తమ్ముడు బాగున్నప్పుడే తన తరఫు ప్రతినిధిగా అప్పని నియమించుకోవచ్చు, తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, అప్ప కూడా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి. మనసు మారితే తనే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఇది వైద్యం వరకే, భూమికి కాదు, కలిపేయకండి. జబ్బు తిరగబడితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసుకునే వీలు కూడా ఉంది.

చీపురుపల్లి అమ్మ:
ఆ కాగితం ఉంటే నా కొడుకుని వాడు వద్దంటున్నా ఆసుపత్రిలో చేర్చుకుంటారా? అది చెప్పండి ముందు.

కోర్టు గుమస్తా:
చేర్చుకుంటారమ్మా, షరతులున్నాయి. అతనికి గానీ ఇతరులకి గానీ ప్రమాదం ఉందనో, తన బాగోగులు తాను చూసుకోలేకపోతున్నాడనో ఒక సైకియాట్రిస్టు, ఆయనతో పాటు ఇంకొక మానసిక ఆరోగ్య నిపుణుడు గానీ వైద్యుడు గానీ విడివిడిగా చూసి రాయాలి, ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి. 30 రోజుల వరకు ఉంచవచ్చు. మీ అబ్బాయి ఎవరినీ నియమించకపోతే దగ్గరి బంధువుగా మీరే ప్రతినిధి అవుతారు. ముందు 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు, దగ్గర్లో ఎక్కడ చూపించాలో చెబుతారు.