మాక్ టెస్ట్ మార్కులు చూశాక రెండు రోజులు చదవలేకపోతున్నాను, ఏం చేయాలి?

ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 ప్రిలిమ్స్‌కి ఇంట్లోనే చదువుతున్నాను. ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలకు మాక్ రాస్తాను: 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, ఓఎంఆర్ షీట్ మీదే. ఆరు వారాలుగా 68కి, 73కి మధ్యే ఆగిపోయాను. తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది కదా, తెలిసినవి కూడా పోగొట్టుకుంటుంటే ప్రాణం ఉసూరుమంటోంది. మొన్న ఒక లెక్క రఫ్ పేపర్ మీద సరిగ్గానే చేసి, తీరా పక్క బబుల్ దిద్దాను.

మార్కుల కన్నా ఆ తర్వాతి రెండు రోజులే నన్ను ఎక్కువ దెబ్బతీస్తున్నాయి. మధ్యాహ్నం ఆన్సర్ కీతో సరిచూసుకున్నప్పటి నుంచి మంగళవారం దాకా అదే పేజీ ముందు కూర్చుంటాను, ఒక్క ముక్క ఎక్కదు. ఆకలి ఉండదు. అమ్మ పలకరించినా విసుక్కుంటాను, తర్వాత నాకే బాధేస్తుంది. నిద్ర మాత్రం బాగానే పడుతోంది.

ఈ ఆరు వారాలకు ముందు ఓ రెండు వారాలు మాక్‌లు ఆపి చూశాను. మళ్లీ రాసిన రోజు చేతులకు చెమటలు పట్టాయి, టెన్షన్ ఇంకా పెరిగింది. సాయంత్రం నడక, పది నిమిషాల ప్రాణాయామం ఆ గంట వరకే పనిచేశాయి. తప్పులు రాసుకోవడానికి నోట్‌బుక్ పెట్టాను కానీ ఆదివారం దాన్ని తెరవడానికే మనసు రాదు.

ఈ దశ దాటినవాళ్లు దయచేసి చెప్పండి: మార్కులు తక్కువ వచ్చిన రోజు సాయంత్రమే మళ్లీ చదువులో కూర్చోవడానికి మీరు మొట్టమొదట ఏం చేసేవాళ్లు?