కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో ఇంకా చమురు, గ్యాస్ బావులు తవ్వాలా, ఆ డబ్బు సోలార్‌కి మళ్లించాలా?

గోదారి గట్టు:
2024 జనవరిలో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో, 98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టినప్పుడు పండగ చేసుకున్నాం. ఇక దిగుమతులు తగ్గిపోతాయన్నారు. ఎక్కడ తగ్గాయి? మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా ఇవాళ్టికీ బయటి నుంచే వస్తోంది. 2023-24లో దానికి కట్టిన బిల్లు 13,000 కోట్ల డాలర్లు దాటింది. 2022 కల్లా ఈ ఆధారపడటం పది శాతం తగ్గాలని 2015లో ప్రధానమంత్రే లక్ష్యం పెట్టారు. అప్పుడది 77 శాతం. లెక్క మీరే చూసుకోండి.

నా మాట సూటిగా చెబుతా. సముద్రం అడుగున వేల కోట్లు పొయ్యడం ఆపి, ఆ డబ్బు సోలార్, విండ్, బ్యాటరీల మీద పెట్టాలి. కాదన్నవాళ్లు కారణం చెప్పండి. తిట్లు వద్దు, అవి పోయినసారి చర్చలో సరిపడా అయ్యాయి.

పాత రిగ్గు:
కారణం ఒకటే అండీ. సోలార్ కరెంటు ఇస్తుంది, డీజిల్ ఇవ్వదు. మన దేశంలో చమురు కాల్చి తయారు చేసే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. సోలార్ పెరిగితే తగ్గేది బొగ్గు. కర్నూలులో ఇంకో పది సోలార్ పార్కులు పెట్టినా విజయవాడ నుంచి నాగపూర్ పోయే లారీలో పోసేది డీజిలే. మనం వాడే పెట్రోలియం ఉత్పత్తుల్లో సుమారు 40 శాతం అదే.

ఇంకో సంగతి. తవ్వడం ఆపితే ఉత్పత్తి ఉన్నచోటే ఉంటుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. రిగ్గుల మీద పనిచేసినవాణ్ణి, చెబుతున్నా వినండి. కొత్త బావిలో నూనె దాని ఒత్తిడికి అదే పైకి తన్నుకొస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఒత్తిడి పడిపోయి, నూనెతో పాటు నీళ్లు రావడం మొదలవుతుంది. కొన్నాళ్లకు వచ్చేవన్నీ నీళ్లే, వాటిలో కాస్త నూనె. అప్పుడు పక్క బావిలోంచి నీళ్లు ఎక్కించి నూనెను ఇటు నెట్టాలి, లేదా లోపలికి గ్యాస్ పంపి పైకి లేపాలి. అదీ అయ్యాక ఇంకో బావి వెయ్యక తప్పదు. 1974లో ముంబై దగ్గర సముద్రంలో దొరికిన ముంబై హై చమురు క్షేత్రం మీద ఇప్పటికీ బతుకుతున్నాం. 2011-12లో దేశమంతా కలిపి సుమారు 3.8 కోట్ల టన్నులు తీశాం. ఇప్పుడు 3 కోట్లు కూడా రావడం లేదు. తవ్వుతూ ఉంటేనే ఇలా ఉంది. మానేస్తే?

హ్యూస్టన్ తెలుగు:
నేనుండేదే చమురు ఊళ్లో. ఇక్కడివాళ్లు ఎడాపెడా తవ్వి ప్రపంచంలోనే అందరికంటే ఎక్కువ చమురు తీస్తున్నారు. అయినా 2022 జూన్‌లో, ఉక్రెయిన్ యుద్ధమప్పుడు, అమెరికాలో గాలన్ పెట్రోలు సగటు ధర 5 డాలర్లు దాటింది. మన నేలలో తీసిన చమురైనా అమ్మేది అంతర్జాతీయ ధరకే. డాలర్లు మిగులుతాయి, ఒప్పుకుంటా. బంకులో రేటు తగ్గుతుందని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోకండి.

గోదారి గట్టు:
పాత రిగ్గు గారూ, లారీ డీజిల్‌తోనే నడవాలని రాసిపెట్టి లేదు కదండీ. రైల్వేని చూడండి. బ్రాడ్‌గేజ్ దాదాపు అంతా కరెంటు లైనే అయిపోయింది. దేశంలో కొత్తగా అమ్ముడయ్యే మూడు చక్రాల బళ్లలో సగానికి పైగా కరెంటువే. ఆటోవాళ్లు పర్యావరణం కోసం కొన్నారా? రోజు ఖర్చు లెక్కేసుకుని కొన్నారు. బస్సులు ఇప్పుడిప్పుడే ఆ దారి పట్టాయి, లారీలు తర్వాత. బండి కరెంటుకు మారితే సోలార్ నేరుగా డీజిల్‌నే తగ్గిస్తుంది. డబ్బు అక్కడ పెట్టమనే నా గోల.

పాత రిగ్గు:
ఆటో సరే. ట్రాక్టరు? వరికోత మెషిను? మీ ఎదురుగా కాకినాడ రేవులో ఉన్న చేపల బోట్లు? అవి మారేదాకా వాటికి నూనె ఎవరిస్తారు, సౌదీనా?

నంద్యాల ఎండ:
సోలార్ పార్కుల పక్కన ఉండేవాణ్ణి, నేనూ రెండు ముక్కలు చెబుతా. మా గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. ఎండకు కొదవ లేదు. చిక్కంతా సాయంత్రం ఆరు తర్వాతే. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, టీవీలు ఒకేసారి వేసే టైముకు సూర్యుడు దిగిపోతాడు. అందుకే పిన్నాపురంలో 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టారు. పగటి కరెంటుతో కింది రిజర్వాయరు నీళ్లు పైకి తోడి, సాయంత్రం పైనుంచి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇలాంటివి ఇంకా చాలా కావాలి.

"సోలార్ అంటే చైనా మీద ఆధారపడటమే" అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. ప్యానెళ్లలో వాడే వేఫర్లు (పల్చటి సిలికాన్ పలకలు), వాటితో చేసే సెల్స్ చాలావరకు అక్కడివే, నిజమే. కానీ రేపు చైనా అమ్మడం ఆపితే కొత్త ప్యానెల్ రాదు, అంతే. పైకప్పు మీద ఉన్నది పాతికేళ్లు కరెంటు ఇస్తూనే ఉంటుంది. గల్ఫ్ నుంచి ఓడలు బయటికొచ్చే హోర్ముజ్ జలసంధి దగ్గర ట్యాంకర్లు ఆగితే మన గ్యాస్ బండల గతేంటి? వంటగ్యాస్‌లో సుమారు 60 శాతం దిగుమతే, అందులో ఎక్కువ భాగం గల్ఫ్‌దే.

ఇంకా మన రాజకీయాలు. 2019లో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం పాత సోలార్, విండ్ ఒప్పందాల రేట్లు తగ్గించాల్సిందేనని పట్టుబట్టింది. హైకోర్టులో 2022కి గానీ తేలలేదు, అదీ కంపెనీల పక్షాన. సంతకం పెట్టిన రేటు మీదే నమ్మకం లేకపోతే ఎండ ఎంతుండి ఏం లాభం?

లెక్కల పుస్తకం:
అందరూ ఇదే బేసిన్‌లోని రిలయన్స్ గ్యాస్ బ్లాకు కేజీ-డీ6ని మర్చిపోయినట్టున్నారు. 2002లో దొరికింది, 2009లో గ్యాస్ మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లి, మూడు నాలుగేళ్లలో అందులో నాలుగో వంతుకు పడిపోయింది. ఈలోగా దాన్ని నమ్ముకుని మన జిల్లాల్లో గ్యాస్ కరెంటు ప్లాంట్లు కట్టేశారు. వేమగిరి, కోనసీమ, గౌతమి... గ్యాస్ లేక ఏళ్ల తరబడి పడకేశాయి. బ్యాంకులు అప్పులు మూటగట్టుకున్నాయి. తర్వాత కొత్త బావులతో డీ6 కొంత కోలుకుంది, కాదనను. కానీ భూమి కింద ఎంతుందో అంచనా వేసి దాని మీద పెట్టుబడి పెట్టడం అంటే ఇదీ. ఎండ విషయంలో కనీసం ఈ టెన్షన్ లేదు.

అత్యవసరానికి అయితే కొత్త బావికన్నా నిల్వ నయం. విశాఖలో కొండరాతిలో తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు పడుతుంది. మంగళూరు, పాదూరు కలిపినా మొత్తం 53.3 లక్షల టన్నులు. దేశానికి తొమ్మిది పది రోజులకు వస్తుంది, అంతే. దీన్ని పెంచమని ఎవరూ అడగరు, రిబ్బన్ కత్తిరించడానికి బావంత బాగుండదు మరి.

కొబ్బరితోట:
అందరూ లెక్కలు బాగా చెప్పారు గానీ, బావి ఎవరి తోట పక్కన తవ్వుతారో ఒక్కరూ మాట్లాడరేం? ఆయ్, మాదేనండి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్ని, 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోని నగరం అనే ఊళ్లో పైపు నుంచి కారిన గ్యాస్ ఊరి మీద పరుచుకుంది. ఎవరో పొయ్యి వెలిగించేసరికి అంటుకుంది. 20 మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీళ్లు కలిసిన తడి గ్యాస్ పంపారనీ, లోపల తుప్పు పట్టిందనీ తర్వాత విచారణలో తేలింది.

ఇంకోటి. ఒడ్డున తవ్వితే రాయల్టీ (తీసిన చమురు, గ్యాస్ మీద కంపెనీ కట్టే సొమ్ము) రాష్ట్రానికి, సముద్రంలో తవ్వితే కేంద్రానికి. మీరు పండగ చేసుకున్న 98/2 అంతా సముద్రమే. దాని గ్యాస్ పైపు ఎక్కేది మాత్రం మా ఓడలరేవు ఒడ్డుకే.

పాత రిగ్గు:
రాయల్టీలో వాటా అడగడం న్యాయమే, నేనూ మీ వైపే. పైపుల సంగతికి ఉపాయం లేకపోలేదండీ. పైపు లోపలికి పిగ్ అనే పరికరం పంపుతారు. అది ఈ చివర నుంచి ఆ చివరికి పోతూ గోడ ఎక్కడ పల్చబడిందో రాసుకుంటుంది. ఎక్కడ మార్చాలో కచ్చితంగా తెలిసిపోతుంది. దానికి బావి ఆపక్కర్లేదు.

కొబ్బరితోట:
అయితే ఆ పిగ్ రిపోర్టు మా పంచాయతీ బోర్డు మీద అంటించమనండి, తెలుగులో, ప్రతి ఏడూ. ఏ కిలోమీటరు దగ్గర ఎంత పల్చబడింది, ఎప్పుడు మారుస్తారు అన్నది ఉండాలి. అది చేశాక కొత్త బావి గురించి అడగడానికి రండి, కుర్చీ వేసి కూర్చోబెడతాం.