సంతలో కొన్న ఆవుతో మందకు జబ్బు రాకుండా మీరేం చేస్తున్నారు?

మహేంద్రతనయ గట్టు:
మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. రెండు జెర్సీ క్రాస్ ఆవులు, ఒక గేదె, దూడలు ఉన్నాయి. సంతలో ఇంకో ఆవు కొనాలని చూస్తున్నాను. గెడ్డ అవతల ఊళ్లో గాలికుంటు (నోట్లో, గిట్టల్లో పుళ్లు వచ్చే అంటుజబ్బు) తిరుగుతోందట. కొత్త ఆవును ఎన్నాళ్లు వేరుగా కట్టాలి? సాల గుమ్మంలో ఏం పోయాలి? పాల బండి అబ్బాయి సాలలోకే వచ్చి క్యాన్ నింపుకుంటాడు, రోజూ పది ఇళ్లు తిరిగే మనిషి. అతన్ని ఎలా ఆపాలి?

గుణుపూర్ పాడి:
వేరుగా కట్టమని అందరూ చెబుతారు, చోటు ఎవరిస్తారు? నా గోల వేరు. గాలికుంటు టీకా వేయించిన వారంలోపే ఆవు నోట్లో బొబ్బలు, తీగల్లా సొంగ. పాలు సగానికి పడిపోయాయి. గిట్టల పుళ్లు మానాయి గానీ ఇప్పటికీ ఎండెక్కితే కుక్కలా రొప్పుతోంది. దూడ అయితే తల్లి దగ్గర పాలు తాగుతూ తాగుతూనే పడిపోయింది. ఇక టీకా అంటే దండం పెడతాను.

పాత కాంపౌండర్:
బాబూ, సర్వీసంతా పశువుల ఆసుపత్రుల్లో గడిపినవాణ్ణి చెబుతున్నాను. వారంలోపు వచ్చిందంటే టీకా వేసేనాటికే వైరస్ లోపల ఉంది. బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పడుతుంది. టీకా బలం రావాలంటే రెండు మూడు వారాలు కావాలి. ఊళ్లో జబ్బు దిగాక పరిగెత్తుకొస్తే మందు తప్పా? దూడకు నాలుగో నెలలో మొదటిది, నెలకు బూస్టరు, ఆపైన ఆరు నెలలకోసారి. జబ్బు చేసిన తల్లి పాలు దూడకు తాగించకూడదు, వైరస్ గుండె కండరాన్ని పట్టేస్తుంది.

గుణుపూర్ పాడి:
బాగుంది గురువుగారూ, తప్పంతా రైతుదే! ఒకే సూదితో వీధి వీధంతా పొడుచుకుంటూ పోయింది ఎవరు? మా వీధిలో నా కళ్లారా చూశాను. ఐసు కరిగిపోయిన డబ్బా స్కూటరు మీద మధ్యాహ్నం దాకా ఎండలో ఉంది.

పాత కాంపౌండర్:
సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టినా పాడే. అది నాకు నేర్పక్కర్లేదు. సూది మార్చాలన్నదీ నిజమే. కానీ పలుపు పట్టుకునే మనిషిని కూడా ఇవ్వకుండా "తొందరగా కానివ్వండి" అనేది ఎవరు? కాలితో తన్నించుకున్నవాడికి తెలుస్తుంది.

జైపూర్ డెయిరీ:
సూది గొడవ వదిలేయండి. నా షెడ్డులో ఇంతవరకు గాలికుంటు అడుగుపెట్టలేదు. గేటు దగ్గర గుంటలో వాషింగ్ సోడా, లీటరు నీళ్లకు 40 గ్రాములు. పేడ పడి చిక్కబడితే పని చేయదు, కాబట్టి రోజూ మార్చాలి. కొత్త పశువుకు నెల రోజులు విడి సాల, విడి కుడితి తొట్టె. దాన్ని ఆఖర్న పితుకుతారు. పితికేవాడు అటు వెళ్లి మళ్లీ ఇటు రాడు. సంతలో అసలు కొనను. క్రమశిక్షణ ఉంటే జబ్బు రాదు, లేనివాళ్లే ఏడుస్తారు.

మందస కుర్రోడు:
అన్నా, మీకు గేటుంది, మాకు గేటు లేదు. మా ఊళ్లో కాపరి అందరి గొడ్లనూ కలిపి తోలుకెళ్తాడు, అన్నీ ఒకే చెరువులో దిగుతాయి. గెడ్డ అవతలి మంద కూడా అక్కడికే వస్తుంది. మాకు టీకాలు ఒక నెలలో, వాళ్లకు ఇంకో నెలలో. నేనొక్కడినీ గుమ్మంలో సోడా పోసుకుంటే ఏం లాభం? "ఏడుస్తారు" అన్న మాట వెనక్కి తీసుకోండి.

జైపూర్ డెయిరీ:
నిజం చెబితే కోపం ఎందుకు? నాలుగు వారాలు మందలోకి తోలకుండా ఇంటి దగ్గర గడ్డి వేయలేరా?

మందస కుర్రోడు:
గడ్డి మీరు పంపుతారా?

కొరాపుట్ అక్క:
మీరు గాలికుంటు దగ్గరే కొట్టుకుంటున్నారు. మా కొరాపుట్ వైపు దొమ్మ (ఆంత్రాక్స్) గురించి ఎవరూ మాట్లాడరేం? నిన్న మేసిన ఎద్దు తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం. దాన్ని కోసి పంచుకుంటారు, తర్వాత చేతుల మీద నల్ల పొక్కులు. కోయకండి, తోలు తీయకండి. ఆసుపత్రికి చెప్పి, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. మా పక్కింటాయన తోలు డబ్బులకు ఆశపడి ఆసుపత్రిలో పడుకున్నాడు.

పాత కాంపౌండర్:
అమ్మా, బాగా చెప్పావు. ఈసుకుపోయిన పిండాన్ని కూడా ఇలాగే వట్టి చేతులతో లాగి కుక్కలకు విసురుతారు. పశువులు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా అయితే మనిషికీ జ్వరం, కీళ్ల నొప్పులు. ఆడ పెయ్యలకు 4 నుంచి 8 నెలల మధ్య ఒకే ఒక్కసారి టీకా. బతికున్న సూక్ష్మజీవి టీకా అది, వేసేవాడికి చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పవు.

బరంపురం బావ:
లంపీ (ఒళ్లంతా గడ్డలు లేచే చర్మపు జబ్బు) గురించి కూడా చెప్పండి. అది రాజస్థాన్ నుంచి మన వైపు వచ్చిందట కదా?

గుణుపూర్ పాడి:
ఎవరు చెప్పారు? దేశంలో మొదట బయటపడింది 2019లో మన ఒడిశాలోనే. రాజస్థాన్, గుజరాత్‌లలో ఊడ్చిపెట్టింది 2022లో.

బరంపురం బావ:
సరే బాబూ, తగ్గు. మా సాలలో ఈగలు, దోమలు ఆగడం లేదు, దానికేం చేయాలి?

కొరాపుట్ అక్క:
సాయంత్రం వేపాకు పొగ వేయండి, పేడ కుప్ప సాలకు దూరంగా వేయండి. గోమారి మందు సీసా మీద రాసిన కొలతకు మించి కలపకండి, పశువు నాకితే విషం ఎక్కుతుంది. లంపీకి మేక మశూచి టీకా వేస్తున్నారు, గాలికుంటు టీకా దానికి పనికిరాదు.

మహేంద్రతనయ గట్టు:
పాల బండి అబ్బాయి గురించి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మందస కుర్రోడు:
క్యాన్ నువ్వే రోడ్డు మీదకు పట్టుకెళ్లు బాబాయ్. మా వీధిలో అందరం అలాగే చేస్తున్నాం, మొదట్లో అలిగాడు.

జైపూర్ డెయిరీ:
కొనేటప్పుడు చెవిపోగు చూడండి. ఆ పన్నెండు అంకెలు ఆసుపత్రి కంప్యూటర్లో కొడితే, అందులో ఎక్కించిన టీకాలన్నీ కనపడతాయి.

గుణుపూర్ పాడి:
ఎక్కిస్తే! మా గేదె చెవిపోగు వేసిన చోట పురుగు పట్టింది, అదీ ఎక్కించారా?

మహేంద్రతనయ గట్టు:
పోగు లేని ఆవుకు దళారి తక్కువ ధర చెబుతున్నాడు. అసలు దళారి లేకుండా సంతలో ఎవరైనా కొన్నారా?

బరంపురం బావ:
మా బావమరిది కొన్నాడు. పాలిచ్చేదని తెచ్చాడు, రెండు రొమ్ములు ఎండినవే.